వర్గపోరు, వర్గపోరాటం ఒకటేనా?

సందేహం: 'జిల్లా పార్టీలో భగ్గుమన్న వర్గపోరు' అని పత్రికల్లో చూస్తుంటాం. కమ్యూనిస్టులు 'వర్గపోరాటం' అంటారు. పోరన్నా పోరాటమన్నా ఒకటే కదా, ఒకదానికి బదులు రెండోది వాడవచ్చా?

సమాధానం: వాడకూడదు. వ్యాకరణం అడ్డుచెప్పదు. రెండూ సంస్కృత పదానికి తెలుగు పదం చేరిన మిశ్రసమాసాలే. అడ్డుచెప్పేది వాడుక. 'పోరు'కు యుద్ధమనే అర్థం ఉన్నా, ఇంటిపోరు, సవతిపోరు అన్నప్పుడు లోపలి రచ్చ, తెమలని సతాయింపు ధ్వనిస్తాయి. ఒకే పార్టీలో ఇద్దరు నాయకుల మనుషులు టికెట్టు కోసం కీచులాడుకుంటే ఆ మాట చక్కగా అతుకుతుంది. అక్కడ 'వర్గం' అంటే ముఠా.

చిక్కంతా ఆ 'వర్గం'తోనే. 'వృజ్' ధాతువు నుంచి పుట్టిన మాట ఇది. 'వర్జించు' దీని చుట్టమే. వేరుచేసి పెట్టిన గుంపు ఏదైనా వర్గమే, కవర్గం, చవర్గం అన్నట్టు. మార్క్స్ సిద్ధాంతాన్ని తెలుగులో చెప్పుకోవడం మొదలయ్యాక దీనికి కొత్త కొలత వచ్చింది: భూమి, గనులు, యంత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయి? అవి ఉండి ఇతరుల చేత కూలికి పని చేయించుకునేవారు పెట్టుబడిదారీ వర్గం, అవి లేక శ్రమశక్తిని అమ్ముకునేవారు శ్రామికవర్గం. రాబడి కొలత కాదు. నెలకు లక్ష తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతగాడే. అందులో సగమైనా మిగలని కిరాణా కొట్టాయన చిన్న ఆస్తిపరుడు. రాబడిని బట్టి చెప్పడానికి మనకు 'తరగతి' వేరే ఉంది. 'మధ్యతరగతి' అలా వచ్చిందే. ('వెనుకబడిన తరగతులు' అనేది సామాజిక, విద్యాపరమైన వెనుకబాటును బట్టి చేసిన విభజన. దాన్ని ఇందులో కలిపితే రెండూ చెడతాయి.)

వర్గాలను కనిపెట్టింది మార్క్స్ అని రాస్తుంటారు. ఆ ఘనత తనది కాదని 1852 మార్చిలో తన మిత్రుడు వైడెమేయర్‌కు రాసిన లేఖలో ఆయనే చెప్పాడు. ఉత్పత్తి వికాసంలోని ఫలానా దశలతోనే వర్గాలు ముడిపడి ఉన్నాయని, వాటి పోరాటం శ్రామికవర్గ నియంతృత్వానికి, అది వర్గాలే లేని సమాజానికి దారితీస్తుందని నిరూపించడమే తన పని అన్నాడు. ఇక్కడ నియంతృత్వమంటే ఒక నియంత పాలన కాదు, ఒక వర్గం పాలన.

ఇద్దరు దేశ్‌ముఖులు ఒక ఊరి మీద పెత్తనం కోసం తగువుపడితే వర్గపోరు. వెట్టి చేయబోమని, దున్నుకుంటున్న భూమి వదలబోమని రైతులు ఆ ఇద్దరికీ ఎదురుతిరిగితే వర్గపోరాటం. 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటాన్ని, శీర్షికలో చోటు చాలక 'సాయుధ పోరు' అన్నా ఇబ్బంది లేదు. ముందు 'వర్గ' చేరినప్పుడే అర్థం ముఠా తగాదాకు జారుతుంది.

ఒక్క మిల్లులో కూలి పెంచమని చేసే సమ్మెను మాత్రం సమ్మె అనే రాయండి. ఒక యజమాని చేత పనిగంటలు తగ్గించుకోవడం ఆర్థిక ఉద్యమమని, అందరికీ 8 గంటల చట్టం తెమ్మనడం రాజకీయ ఉద్యమమని, అంటే ఒక వర్గంగా సాగే ఉద్యమమని, మార్క్స్ 1871లోనే విడదీసి చెప్పాడు.