హెచ్‌ఆర్ ఫోన్ వచ్చేలోపే అంకె లెక్కేసుకో

చిట్టితల్లీ,

హైదరాబాద్ కంపెనీ వాళ్లు రెండో రౌండ్‌కి పిలిచారని నిన్న అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. జీతం ఎంత కావాలని అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్నావట. ఇరవై ఏళ్లకి పైగా హెచ్‌ఆర్‌లో కూర్చుని ఆ ప్రశ్న అడిగినదాన్ని నేనే కదా, అందుకే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి చెప్తాను. నా రెండో ఉద్యోగానికి ఇంటర్వ్యూలో అడిగితే, "మీ కంపెనీ రూల్స్ ప్రకారం ఎంతిస్తే అంత సార్" అన్నాను. అదే మర్యాద అనుకున్నాను. చేరిన నెలకి పక్క సీటావిడ జీతం తెలిసింది. అదే పని, అంతే అనుభవం, నెలకి 3,000 ఎక్కువ. ఆవిడ అంకె చెప్పింది, నేను చెప్పలేదు. ఆ తర్వాత ఇంక్రిమెంట్లన్నీ శాతాల్లోనే వచ్చాయి కాబట్టి మా మధ్య తేడా ఏటేటా పెరుగుతూనే పోయింది. అక్కడున్న నాలుగేళ్లూ ఆ బాధ నన్ను వదల్లేదు. నీకు అలా జరగకూడదు.

ఆ ప్రశ్న అడిగేది నీకు ఆశ ఎంతో కొలవడానికి కాదమ్మా. చాలా కంపెనీల్లో పోస్టుకి ఇంత అని బడ్జెట్ ముందే అనుకుని ఉంటారు. నీ అంకె అందులో పడుతుందా లేదా అని చూస్తారు, అంతే. తక్కువ చెబితే "కాదు, ఇంకాస్త తీసుకో" అనేవాళ్లు చాలా అరుదు.

అందుకని ఈ రాత్రే కాగితం, పెన్ను తీసుకుని కూర్చో. 6 లక్షల సీటీసీ, అంటే ఏడాదికి కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు, అనగానే నెలకి 50,000 చేతికొస్తాయనుకోకు. బేసిక్ సగం, అంటే నెలకి 25,000 అనుకుందాం. దానిమీద కంపెనీ కట్టే 12 శాతం పీఎఫ్ ఏడాదికి 36,000, ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద 4.81 శాతం చొప్పున దాదాపు 14,400, పనితీరు చూసి ఇచ్చే వేరియబుల్ మొత్తం సీటీసీలో పది శాతం ఉంటే ఇంకో 60,000. ఇవన్నీ ఆ 6 లక్షల్లోవే. మిగిలినదాన్ని పన్నెండుతో భాగించి, నీ వాటా పీఎఫ్ 3,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 తీసేస్తే చేతికొచ్చేది 37,600 దగ్గర. అదే వేరియబుల్ లేకుండా 5.6 లక్షలు ఇస్తే నెలకి 39,700 దాకా వస్తుంది! అందుకే మొత్తం ఎంత అని ఆగిపోకుండా, "ఇందులో ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంతండీ?" అని తప్పకుండా అడుగు. కొన్నిచోట్ల పీఎఫ్ నెలకి 1,800 మాత్రమే పట్టుకుంటారు, అదీ కనుక్కో.

ఫోన్లో అడిగినప్పుడు మొదట, "ఈ పోస్టుకి మీరు అనుకున్న బడ్జెట్ ఎంతో చెబుతారా అండీ?" అను. ఒక్కసారే. చెప్పకపోతే సాగదీయకుండా నీ అంకె చెప్పెయ్. "6 నుంచి 6.5" అంటే వాళ్లకి వినిపించేది 6 ఒక్కటే. కాబట్టి కింది అంకె కూడా నీకు నిజంగా సరిపోయేదై ఉండాలి. చెప్పాక ఆగు. వాళ్లు రెండు క్షణాలు మాట్లాడకపోతే కంగారుపడి "కొంచెం తగ్గినా పర్వాలేదండీ" అనకు. ఆ మాట అన్నవాళ్లకి నేనే తగ్గించాను తల్లీ, అందుకే చెప్తున్నా.

కారణం అడిగితే ఇంటి లోను గురించో, హాస్టల్ ఖర్చు గురించో చెప్పొద్దు. అవి నీ లెక్కలోకి వస్తాయి, వాళ్ల లెక్కలోకి రావు. నువ్వు చేసిన పని చెప్పు. నెలనెలా జీఎస్టీ రిటర్నులు, 11లోపు జీఎస్టీఆర్-1, 20లోపు 3బీ, నాలుగేళ్లలో ఒక్కసారి కూడా లేటు ఫీజు పడకుండా వేశానని మొన్న పండక్కి నువ్వే నాతో అన్నావు. సరిగ్గా ఆ మాటే అక్కడ చెప్పు.

ఇప్పటి జీతం అడిగితే 4.2 అని ఉన్నదున్నట్టు చెప్పు. మూడు నెలల పేస్లిప్పులు, ఏడాది జీతం, పన్ను కోత చూపించే ఫారం 16 ఎలాగూ అడుగుతారు. పెంచి చెప్పి దొరికిపోయి, చేతికొచ్చిన ఆఫర్ పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. "ఉన్నదానిమీద 30 శాతమే పెంచుతాం" అంటే, "ఇక్కడి పని, బాధ్యత పెద్దవి కదండీ, వాటికి తగ్గట్టు చూడండి" అని నెమ్మదిగా చెప్పు.

నౌక్రీ ఉద్యోగాల సైట్‌లో ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ గడిలో సున్నా పెట్టావట, ఈరోజే మార్చు. రిక్రూటర్లు జీతం రేంజ్ పెట్టి వెతుకుతారు, సున్నా ఉంటే నీ పేరు వాళ్లకి కనపడకుండా పోవచ్చు.

ఆఫర్ లెటర్ రాగానే జీతం వివరాలుండే చివరి పేజీ ఫొటో తీసి నాకు పంపు. సంతకం పెట్టకముందే సుమా. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, ఫోన్ చెయ్యి. ఇద్దరం కూర్చుని ఒక్కో లైనూ చూద్దాం.

మీ పెద్దమ్మ