తొమ్మిదేళ్లుగా సీఈవో, ఇప్పుడు ఎంబీఏ చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 38 ఏళ్లు. అగ్రికల్చర్ ఎమ్మెస్సీ చేసింది. పార్వతీపురం మన్యం ప్రాంతంలో చోళ్లు (రాగులు), సామలు, కొర్రలు పండించే రైతుల ఉత్పత్తిదారుల కంపెనీకి తొమ్మిదేళ్లుగా సీఈవో. ఏడు వందల మంది రైతు సభ్యులు, ఏడాదికి రెండు కోట్ల టర్నోవరు, తన జీతం 45 వేలు. తనతో చదివినవాళ్లు బ్యాంకుల్లో, విత్తన కంపెనీల్లో పెద్ద హోదాల్లో ఉన్నారు. ‘మొదలైన చోటే ఉన్నాను నాన్నా’ అంటోంది. ఉద్యోగం మానేసి, 30 లక్షలు అప్పు చేసి, ఏడాది ఎంబీఏలో చేరతానంటోంది. సరే అనమంటారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, ముందు అప్పు లెక్క చూద్దాం. 30 లక్షలు పది శాతం వడ్డీకి, పదేళ్ల గడువుతో తీసుకుంటే నెల కిస్తీ దాదాపు 39,600 రూపాయలు. ఇప్పటి జీతంలోంచి అది కడితే చేతిలో మిగిలేది ఐదు వేల పైచిలుకు. అంటే చదువు పూర్తయ్యాక ఆమె ఈ రంగంలో ఉందామనుకున్నా కిస్తీ ఉండనివ్వదు. రంగం మారడమే ఆమె కోరికైతే ఎంబీఏకు నేను అడ్డు చెప్పను. కానీ మీ అమ్మాయి రైతులతో పని విసుగొచ్చిందనలేదు. మొదలైన చోటే ఉన్నానంది. ఆ మాటకు మందు వేరే ఉంది.

ఇలాంటి సంస్థలు నడిపేవాళ్లు నా దగ్గరికి వస్తే నేనడిగే మొదటి ప్రశ్న ఒకటే: మీరు మూడు వారాలు ఫోను కట్టేసి ఎటైనా వెళితే అక్కడ ఏమేమి ఆగిపోతాయి? చాలామంది నవ్వేస్తారు. ‘అన్నీ ఆగిపోతాయండీ’ అంటారు, కొంచెం గర్వంగానే. కొనుగోలుదారుల నంబర్లు తన ఫోనులోనే, బ్యాంకు మేనేజరుతో పరిచయం తనకే, జీఎస్టీ పాస్‌వర్డు తన డైరీలోనే. తొమ్మిదేళ్ల తర్వాత కూడా గోనె సంచుల బేరం తనే ఆడుతుంటే మొదలైన చోటే ఉన్నట్టు అనిపించదా మరి?

ఉత్పత్తిదారుల కంపెనీలపై చట్టం ఉద్దేశం ఇది కాదు. ఐదు నుంచి పదిహేను మంది డైరెక్టర్లు ఉండాలి, సభ్యులు కానివారిలోంచి పూర్తికాలపు ముఖ్య కార్యనిర్వహణాధికారిని (సీఈవో) వాళ్లు నియమించుకోవాలి అంటుంది చట్టం. రైతులు యజమానులు, మీ అమ్మాయి వాళ్లు పెట్టుకున్న అధికారి. ఆచరణలో ఏమవుతుందంటే, ఇంగ్లిషులో వచ్చిన మెయిల్ చదవగలిగేది ఆమె ఒక్కతే కాబట్టి నిర్ణయాలన్నీ ఆమె బల్ల మీదికే చేరతాయి. డైరెక్టర్లకూ అది హాయిగానే ఉంటుంది. బ్యాలెన్స్ షీటు చదవడం ఇద్దరు డైరెక్టర్లకు నేర్పడం, కొనుగోళ్లన్నీ ఒక యువ ఉద్యోగికి అప్పగించి అతను తప్పు చేసినా ఓర్చుకోవడం ఆమె ఇప్పుడు నేర్చుకోవలసిన పనులు. ఏ తరగతి గదిలోనూ ఇవి అబ్బవు.

తరగతి గదిలో నేర్చుకోవలసినది మాత్రం ఒకటుంది, డబ్బు నడక. వ్యవసాయం చదివి సామాజిక సేవారంగంలోకి వచ్చినవాళ్లు దీన్ని అకౌంటెంటుకు వదిలేస్తారు. చిన్న లెక్క చెబుతాను. 40 టన్నుల చోళ్లు 2025-26 మద్దతు ధరకే, అంటే క్వింటాకు 4,886 రూపాయలకు కొన్నారనుకోండి. రైతులకు వెంటనే చెల్లించవలసింది 19.5 లక్షలు. పిండి కొన్న నగర వ్యాపారి డబ్బిచ్చేసరికి రెండు మూడు నెలలు. పుస్తకాల్లో లాభం కనిపిస్తుంది, బ్యాంకులో డబ్బుండదు, ఈలోగా రైతు దళారి దగ్గరికి వెళ్లిపోతాడు. పన్నెండు నెలల నగదు రాకపోకల పట్టిక తన చేత్తో వేసుకుని బ్యాంకు ముందు, లేదా గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డుకు అనుబంధంగా రైతు సంస్థలకు అప్పులిచ్చే నాబ్‌కిసాన్ ముందు పెట్టగలిగిన రోజున ఆమె స్థాయి మారుతుంది. ఈ విద్యకు 30 లక్షలు అక్కర్లేదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ మేనేజ్, లక్నోలో నాబార్డు నడిపే శిక్షణ సంస్థ బర్డ్ రైతు సంస్థలు నడిపేవారికి కొద్ది రోజుల శిక్షణలిస్తాయి. పాల విప్లవ పితామహుడు కురియన్ చొరవతో 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో పుట్టిన గ్రామీణ నిర్వహణ విద్యాసంస్థ ఇర్మా కూడా చూడదగినదే. సామాజిక సంస్థలు నడిపేవారి కోసం, ఉద్యోగం మానకుండా ఏడాది పాటు సాగే అక్యుమెన్ ఫెలోషిప్‌కు ఆమె తప్పక దరఖాస్తు చేయాలి. పాఠాల కోసమని కాదు, ఆమె కష్టమే పడుతున్న మరికొందరు అక్కడ దొరుకుతారని. అశోక ఫెలోషిప్ పేరు పెద్దదే, కానీ అది కొత్త ఆలోచనతో సంస్థ స్థాపించినవారి కోసం. మీ అమ్మాయి స్థాపకురాలు కాదు, నియామకం మీద వచ్చిన నాయకురాలు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) వారి సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ ఎంఏ మంచి కోర్సు, అయితే రెండేళ్లు పూర్తికాలం. ఇరవై నాలుగేళ్ల వయసులోనైతే చేయమనేవాణ్ని. (నేనూ నలభయ్యో ఏట ఒక ఖరీదైన కోర్సు చేశాను. ఆ సర్టిఫికెట్ ఇప్పుడు బీరువాలో దుప్పట్ల కింద ఉంది.)

వీటన్నిటికంటే నాకు నమ్మకమున్న బడి ఇంకో సంస్థ ఆవరణ. శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లిలో 1990 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ టింబక్టు కలెక్టివ్‌కు అనుబంధంగా ధరణి అనే రైతుల సహకార సంస్థ ఉంది. చిరుధాన్యాలు కొని, శుద్ధిచేసి, సొంత పేరుతో అమ్ముతుంది. అక్కడివాళ్లను ముందుగా అడిగి ఓ పది రోజులు ఉండి రమ్మనండి. కంటి వైద్యంలో ఇది పాత పద్ధతే. 1976లో మదురైలో డాక్టర్ వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్, ఇతర ఆసుపత్రులను నడిపేవాళ్లకు తన పని నేర్పడానికి 1992లో లైకో అనే ప్రత్యేక సంస్థనే పెట్టింది. రైతు సంస్థలకు అలాంటిది లేదని నా బాధ.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? సంస్థే. రెండు కోట్ల టర్నోవరులో లక్ష రూపాయలంటే అర శాతం. మన సేవారంగంలో సొంత మనుషుల చదువుకు పద్దు పెట్టడమంటే దుబారా అనుకుంటారు, దాతలైతే ఇంకానూ. బడ్జెట్లో ‘సీఈవో, సిబ్బంది శిక్షణ’ అని ఒక పద్దు రాయించుకోమనండి. డైరెక్టర్లు కాదంటే ఆ సంస్థ ఆమెను ఎలా చూస్తోందో తేలిపోతుంది. ఆ సంగతీ ఇప్పుడే తెలియడం మంచిది.

ఇక మీరు సూటిగా అడగలేకపోయిన జీతం మాట. స్నేహితుల జీతం ఇక్కడ రాదు. 2020లో కేంద్రం తెచ్చిన పదివేల రైతు సంస్థల పథకంలోనే ఒక సంస్థ నిర్వహణకు మూడేళ్లకు గరిష్ఠంగా 18 లక్షలు కేటాయించారు, అంటే ఆఫీసు మొత్తానికి నెలకు యాభై వేలు. ఈ రంగంలో జీతాల మీద అందరి అంచనా అదే. అయినా 45 వేల దగ్గర ఆగనక్కర్లేదు. ‘రేపు నేను వెళ్లిపోతే నా స్థానంలో వచ్చేవారికి ఎంతిస్తారు?’ అని పాలకవర్గాన్ని రాతపూర్వకంగా అడగమనండి. ఆ అంకె మీదే బేరం మొదలవ్వాలి. రెండేళ్లు ఇలా చేశాక కూడా కదలిక లేకపోతే, రైతు సంస్థలకు అప్పులిచ్చే కంపెనీల్లోనో, చిరుధాన్యాల కంపెనీల్లోనో ప్రయత్నించమనండి. కొత్త అప్పు లేకుండా, చేతిలో తొమ్మిదేళ్ల అనుభవంతో వెళుతుంది.

మొదట అడిగిన ఆ మూడు వారాల ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఆమె నిజంగానే సెలవు పెట్టి చూడాలి. పంట కొనుగోళ్లప్పుడు మాత్రం వద్దు. విత్తనాల సరఫరా అయిపోయాక, జులై ఆఖరులో పెట్టుకోమనండి. ఫోను మీ దగ్గర ఉంచేసి వెళ్లమనండి, వచ్చిన ప్రతి కాల్ ఎవరి దగ్గరనుంచో, దేనికోసమో మీరు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. తిరిగొచ్చాక ఎవరికి ఏ పని అప్పగించాలో ఆ పుస్తకం చూసి తేల్చుకుంటుంది.