సంఘం వద్దు, గది చూడండి

సందేహం: మావారి హెచ్-1బీ ఉద్యోగం వల్ల వచ్చే హెచ్-4 డిపెండెంట్ వీసా మీద న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి ఎనిమిది నెలలైంది. హైదరాబాద్‌లో బీఎఫ్ఏ చేశాను. ఇక్కడ నాలాగే బొమ్మలు వేసేవాళ్లు నలుగురు పరిచయమయ్యారు. అందరం కలిసి సంఘం పెట్టుకోవచ్చా అండీ?

కలవండమ్మా, కానీ సంఘం అనే మాట మాత్రం ఎత్తకండి. అన్న మర్నాడే ప్రెసిడెంట్ ఎవరు, ట్రెజరర్ ఎవరు అని మొదలవుతుంది. మేమూ అలాగే మొదలుపెట్టాం. లోగో వచ్చింది, బ్యానర్ వచ్చింది, బొమ్మ ఒక్కటీ రాలేదు. ఏడాది తిరక్కుండా రెండు సంఘాలయ్యాం.

రెండోసారి ఐదుగురమే కూర్చున్నాం. నెలకో ఆదివారం, పబ్లిక్ లైబ్రరీ మీటింగ్ రూమ్‌లో. ఇలాంటి గదులు చాలా ఊళ్లలో ఉచితంగానే ఇస్తారు, ముందుగా బుక్ చేసుకోవాలంతే. ఇళ్లలో పెట్టుకుంటే ఉప్మా, టీ, పిల్లల గోలతోనే సాయంత్రమైపోతుంది.

మా నియమం ఒకటే: పూర్తికాని బొమ్మే తేవాలి. మనిషికి ఇరవై నిమిషాలు. అందులో మొదటి పది నిమిషాలు వేసినవాళ్లు నోరు విప్పకూడదు, చూసేవాళ్లు ‘చాలా బాగుందండీ’ అనకూడదు. మన మొహమాటాలు తెలిసినవే కదా! ‘ఈ మూలన చూపు నిలవట్లేదు’ అని ఒకరి మొహం మీద చెప్పడానికి మాకు ఐదారు నెలలు పట్టింది. ఒకావిడ తెలంగాణ చేర్యాల పటాల్లో ఉండే ఎర్రటి నేపథ్యం మీద న్యూయార్క్ సబ్‌వే జనాన్ని వేస్తోంది. ఎగ్జిబిషన్ దరఖాస్తులో మాత్రం భారతీయ సంస్కృతి గొప్పతనం మీద పేజీడు రాసింది. ముగ్గురం కూర్చుని అదంతా కొట్టేయించి, ‘నేను రోజూ ఎక్కే రైలు ఇది’ అని మొదలుపెట్టించాం.

డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. ఈఏడీ, అంటే పని చేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు, లేకుండా బొమ్మలు అమ్మడం, ఫీజు తీసుకుని క్లాసులు చెప్పడం పెట్టుకోకండి. మీవారి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉంటే 2015 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఈఏడీకి అప్లై చేయొచ్చు, లాయర్‌ని ఒకమాట అడగండి. అమ్మకం మొదలయ్యాక న్యూజెర్సీ సేల్స్ టాక్స్ 6.625 శాతం కొనేవాళ్ల దగ్గర వసూలు చేసి కట్టాలి. నాన్‌ప్రాఫిట్ (లాభాపేక్ష లేని సంస్థ) రిజిస్ట్రేషన్‌కి ఇప్పుడే తొందరేం లేదు. గ్రాంట్ కావాల్సి వస్తే, ఇప్పటికే ఆ హోదా ఉన్న మరో సంస్థ గొడుగు కింద అడిగే పద్ధతి ఉంది. దాన్ని ఫిస్కల్ స్పాన్సర్‌షిప్ అంటారు.

ముందు లైబ్రరీలో వచ్చే నెల ఏ ఆదివారం గది ఖాళీగా ఉందో కనుక్కోండి.