వేలి కొసన సలుపు

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరండి. వయసు 29. రొయ్యలు కొనే వ్యాపారి దగ్గర గుమస్తాని. పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టే పని జరిగినంతసేపూ గట్టు మీద నిలబడి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో ఆ లెక్క), తూకం ఫోన్లో ఎక్కిస్తాను. రాత్రి ల్యాప్‌టాప్‌లో లెక్కలు చూస్తాను. రెండు నెలలుగా కుడి చూపుడువేలి కొస ఒకటే సలుపు. అన్నంలో పులుసు కలుపుకుంటే చురుక్కుమంటోంది. నరాల జబ్బేమోనని టెన్షన్‌గా ఉందండి.

జవాబు: పట్టుబడి అనగానే నాకు సగం సంగతి తెలిసింది. ఐసు, ఉప్పునీళ్లు తగిలిన చేత్తోనే ఫోను తాకుతుంటారు కదా! ఈ ఫోన్లకు ఒత్తిడితో పని లేదు. వేలు తగలగానే తెరలోని విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పసిగడతాయి. నీటిచుక్క కూడా అలాంటి మార్పే తెస్తుంది. అందుకే తడి తెర మీద ఒక అంకె నొక్కితే ఇంకోటి పడుతుంది. పడలేదని మీరు ఇంకా గట్టిగా పొడుస్తారు. అద్దానికేం కాదు, దెబ్బంతా వేలికే. నాడుల కొసలు దట్టంగా ఉండే చోటది. పైగా ఉప్పు, ఐసు, షెడ్డులో చేతులు కడిగే క్లోరిన్ నీళ్లు చర్మాన్ని ఎండగడతాయి. పులుసు మంటకు కంటికి ఆనని పగుళ్లే కారణం కావచ్చు.

కాబట్టి జేబులో పొడిగుడ్డ ఉంచుకోండి. వేలు, తెర రెండూ తుడిచాకే అంకె తాకండి, ఊరికే ఆనిస్తే చాలు. తెర మీద అంటించిన గ్లాసు గీతలుపడి గరుకెక్కితే మార్చేయండి. రాత్రి పడుకోబోయే ముందు వేళ్లకు వాజలైనో కొబ్బరినూనో రాయండి.

మా అమ్మ లేసు అల్లేది. వేలు నొప్పిపుడితే కొసకు మెత్తటి గుడ్డపీలిక చుట్టుకుని, సూది ఆనే చోటు మార్చేది. మీరూ వేలు మార్చండి. ఒకరోజు ఉంగరపు వేలు, ఒకరోజు ఎడమచెయ్యి. అంకెలు నోటితో చెప్పి ఎక్కించే వీలూ ఫోన్లో ఉంది, గట్టు మీద గోల లేనప్పుడు వాడండి. ల్యాప్‌టాప్‌కి మాత్రం ఒక మౌస్ కొనండి. అందాకా సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ తడితే క్లిక్ అయ్యేలా పెట్టుకోండి, నొక్కే పని తప్పుతుంది.

ఇలా రెండు మూడు వారాలు చేసినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి రాత్రి మెలకువ వస్తుంటే మాత్రం ఆగొద్దు, అది మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం కావచ్చు. అరికాళ్లలోనూ మంటలుంటే షుగరు పరీక్ష తప్పనిసరి. గోరు పక్కన ఎర్రగా వాచి చీము కనిపిస్తే అది గోరుచుట్టు. దాన్ని సూదితో పొడుచుకోవద్దు, ఆ చేత్తో చెరువు నీళ్లు అసలు ముట్టొద్దు.