చైనా పూర్వీకుల పటాల్లో హోదా తెలియాలంటే ముందు ఛాతీ మీద పక్షిని చూడండి

పాత చైనా పూర్వీకుల పటాల్లో కూర్చున్న మనిషి ఎంత పెద్ద అధికారో బట్టల్ని బట్టి చెప్పొచ్చా అని అడిగారు. చింగ్ వంశం (1644–1912) నాటి పటాలైతే చాలావరకు చెప్పొచ్చు.

వర్జీనియాలో నాతో పనిచేసే చైనా మిత్రుడి ఇంట్లో ప్రతి కొత్త సంవత్సరానికీ చుట్టి దాచిన ఒక పెద్ద పటం తీసి గోడకు వేలాడదీస్తారు. ముందు పళ్లు పెట్టి అగరొత్తులు వెలిగిస్తారు. అందులో ఉన్నది వాళ్ల ముత్తాత తండ్రి, పక్కన భార్య. ఆయన రాజుగారి దగ్గర పెద్ద మంత్రి అని మిత్రుడి నానమ్మగారు చెప్పేవారట. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ల మ్యూజియంలో ఇలాంటి పటాలు చూసినప్పటి నుంచి నాకు వీటి మీద మహా ఇష్టం. అందుకే దగ్గరికెళ్లి చూశాను.

ముదురు రంగు పైకోటు మీద, ఛాతీ దగ్గర చదరంగా ఒక కుట్టుపని ముక్క ఉంటుంది. అందులో పక్షి ఉంటే పాలనాధికారి, జంతువు ఉంటే సైన్యాధికారి. చింగ్‌ల కంటే ముందు పాలించిన మింగ్ రాజులు 1391లో పెట్టిన పద్ధతి ఇది. మొత్తం తొమ్మిది ర్యాంకులు. సారస కొంగ అయితే మొదటి ర్యాంకు, నెమలి మూడు, పూరేడు పిట్ట ఎనిమిది. సైన్యంలో సింహం రెండు, పులి నాలుగు.

ఈ పటంలో ఉన్నది తెల్ల పక్షి. చిక్కంతా ఇక్కడే, ఎందుకంటే తెల్ల పక్షులు ఒకటి కాదు. తోక చూడాలి. ఆరో ర్యాంకు కొంగకు తోక పొట్టి. దీనికేమో అంచులు నొక్కులు నొక్కులుగా ఉన్న పొడవాటి ఈకలు, లెక్కపెడితే ఐదు. అంటే వెండి ఫెజెంట్ (పొడవాటి తోక ఉన్న కోడి జాతి పక్షి), ఐదో ర్యాంకు. టోపీ కొన మీద పూస గాజుముక్కలా వేసి ఉంది. అది స్ఫటికం, అదీ ఐదో ర్యాంకుదే. మెడలో 108 పూసల దండ. పాలనాధికారుల్లో మామూలుగా ఐదో ర్యాంకు దాకానే దానికి అర్హత. మూడూ ఒకే మాట చెప్పాయి.

నాకు బాగా నచ్చింది భార్య బట్టల మీది పక్షి. భర్తది ఏ పక్షో ఆవిడదీ అదే, కాకపోతే అటు తిరిగినది ఇటు తిరిగి ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నప్పుడు ఆ రెండు పక్షులూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి.

అయితే బట్టలు ఐదో ర్యాంకువి అయినంత మాత్రాన ఆయన ఉద్యోగం చేశాడని కాదు. మిత్రుడి వంశ చరిత్ర పుస్తకంలో ఆయన టీ వ్యాపారి అని ఉంది. చింగ్ ప్రభుత్వం ఖజానా కోసం హోదాలు డబ్బుకు అమ్మేది. కొడుకు అధికారి అయితే తల్లిదండ్రులకు గౌరవ హోదా ఇచ్చేది కూడా. ఆయనకు ఏ దారిలో వచ్చిందో పటం చెప్పదు, దానికి ఇంటి కాగితాలే దిక్కు. పైగా చిత్రకారుల దగ్గర బట్టలకు తయారు నమూనాలు ఉండేవి. వాళ్ల కష్టమంతా ముఖం మీదే, పోలిక తప్పకూడదు కదా.

మీ దగ్గర పటం ఉంటే టోపీ కొన, ఛాతీ ముక్క బాగా దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. తోక ఈకలు లెక్కకు అందేలా ఉండాలి.