పీఏగారి పుస్తకం

ప్రశ్న: నమస్తే మేడమ్. మా బావగారు ఒక నాయకుడి దగ్గర పదకొండేళ్లు పీఏగా చేశారు. రెండేళ్ల కిందట మాటా మాటా పెరిగి బయటికొచ్చేశారు. ఇప్పుడు ఆ నాయకుడి గుట్టంతా పుస్తకంగా రాస్తున్నారు. ఎన్నికల ముందే తేవాలని తొందర. అక్కయ్యేమో "ఉప్పు తిన్న ఇంటి మీద రాతలేమిటి? సిఫార్సు ఉత్తరాల మీద ఆయన సంతకం గిలికింది మీరే కదా" అని రోజూ గొడవ. ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఎవరిది న్యాయం?
– ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: ముందు ఉప్పు సంగతి తేల్చుకుందాం. మీ బావగారి జీతం ఖజానా నుంచి వచ్చుంటే అది నాయకుడి ఉప్పు కాదమ్మా, మీదీ నాదీ. ఆయన జేబులోంచి వచ్చుంటే అక్కయ్య మాటలో కొంత బరువుంది.

ఎన్నికల ముందు వేసే పుస్తకం అమ్ముడుపోతుంది, అనుమానమూ తెస్తుంది. మన తెలుగాయన సంజయ బారు 2004 నుంచి 2008 దాకా మన్మోహన్ సింగ్‌కు మీడియా సలహాదారు. ఆయన పుస్తకం 2014 ఏప్రిల్‌లో, సరిగ్గా లోక్‌సభ పోలింగ్ నడుస్తుండగా వచ్చింది. హోదాను సొమ్ము చేసుకున్నాడని ప్రధాని కార్యాలయం మండిపడింది. ఎం.ఓ. మథాయ్ ఇంకో రకం. 1959 దాకా నెహ్రూకు సహాయకుడిగా నీడలా తిరిగి, పుస్తకం 1978లో వేశాడు. నెహ్రూ పోయి అప్పటికి పద్నాలుగేళ్లు. జవాబు చెప్పాల్సిన మనిషే లేడు. నన్నడిగితే ఎన్నికల వేళ రాయడమే నయం, అవతలివాడు కనీసం తిట్టగలడు.

మన చెన్నైలోనే తమిళ కవి కణ్ణదాసన్ ఉన్నాడు. 1961లో డీఎంకే వదిలేసి, తన ఆత్మకథ 'వనవాసం'లో అన్నాదురై, కరుణానిధిలతో గడిపిన రోజులు విప్పేశాడు. అందులో తన తాగుడు, తన తప్పులూ దాచలేదు. అందుకే వాళ్లను అన్న మాటలు కూడా నమ్మాలనిపిస్తుంది.

చాలా ఏళ్ల కిందట తేనాంపేటలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. ఒక మాజీ సెక్రటరీ రెండు వందల పేజీల కట్ట తెచ్చాడు. పేజీకో అబద్ధం, అన్నీ దొరగారివే. ఆ అబద్ధాలు టైపు చేసినవాడు ఎవడో మాత్రం లేడు. "అప్పుడు మీరెక్కడున్నారు సార్?" అనడిగాను. కట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు, కాఫీ కూడా తాగకుండా. మా మేనేజర్ నన్ను వారం పాటు తిట్టాడు.

కోర్టు భయమూ ఉంది. పరువునష్టం కేసులో రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. రాసింది నిజమైతే చాలదు, అది జనం మేలుకోసమని కూడా చూపించాలి. నాయకుడి పడకగది కబుర్లు ఈ లెక్కలోకి రావు, కాంట్రాక్టులు వస్తాయి. డైరీలు, ఉత్తరాల నకళ్లు లేని చోట లాయరుకు చూపించకుండా ఒక్క పేరూ అచ్చుకివ్వొద్దనండి.

ఇక ఆ సంతకాల విషయం. అక్కయ్య గొడవగా అంటున్నది నాకు మొదటి అధ్యాయంలా కనిపిస్తోంది. ఎవరికోసం గిలికారు, ఏ ఉద్యోగానికి, ఎంతమంది నష్టపోయారు, అదంతా లాయరు ముందు పెట్టి, ఆయన సరేనంటే రాయమనండి. రాశాక మొదట అక్కయ్య చేత చదివించండి. ఆవిడ చదివి ఏమన్నదో నాకు ఉత్తరం రాయండి.