సర్వర్ సందేహాలు: బీటా పరీక్షకు పాత మెషీనే మేలు

ఒకే మెషీన్‌లో పలు వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే ప్రాక్స్‌మాక్స్, ఎక్స్‌సీపీ-ఎన్‌జీ లాంటి ఓపెన్‌సోర్స్ వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ల బీటా విడుదలల (తుది విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చేవాటి) మీద రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా ఆడిట్ ఆఫీసులో ఒకే సర్వర్ ఉంది. ప్రాక్స్‌మాక్స్ 8 మీద ట్యాలీ నడిచే విండోస్ వీఎం ఒకటి, ఫైల్ సర్వర్ ఒకటి నడుస్తున్నాయి. కొత్త వెర్షన్ బీటా వచ్చినప్పుడు అదే సర్వర్ మీద వేసి చూడొచ్చా? బ్యాకప్ ఎలాగూ ఉంది కదా.
— సిస్టమ్ అడ్మిన్, రాయగడ

జవాబు: వద్దండీ. ఆఫీసు లెక్కలున్న ఒక్కగానొక్క సర్వర్ మీద బీటా వేయడమంటే కొరివితో తల గోక్కోవడమే. ప్రాక్స్‌మాక్స్ ప్రధాన వెర్షన్ మారిందంటే కింద ఉన్న డెబియన్ లైనక్స్ కూడా మారుతుంది. 8కి డెబియన్ 12 ఆధారమైతే 9కి డెబియన్ 13. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), వీఎంలను నడిపే క్యూఈఎంయూ, డిస్కులను చూసుకునే ఫైల్ సిస్టమ్ జడ్ఎఫ్ఎస్ అన్నీ కలిసి ముందుకు జరుగుతాయి. అక్కడి నుంచి పాత వెర్షన్‌కు వెనక్కి వచ్చే దారి లేదు. డిస్కు తుడిచి పాత ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైలు)తో మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, బ్యాకప్‌లు ఎక్కించుకోవాల్సిందే. జడ్ఎఫ్ఎస్ వాడేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. కొత్త వెర్షన్‌లో 'జడ్‌పూల్ అప్‌గ్రేడ్' కొట్టాక ఆ పూల్‌ను (డిస్కుల సముదాయాన్ని) పాత వెర్షన్ తెరవలేకపోవచ్చు. అందుకే బీటా కాలంలో ఆ కమాండ్ జోలికి అసలు పోవద్దు.

బ్యాకప్ ఉందన్నారు, సంతోషం. దాన్ని ఒక్కసారైనా వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి చూశారా? లేకపోతే అదే మీ బీటా పరీక్షలో మొదటి పని కావాలి. బీటా వేసిన పాత డెస్క్‌టాప్ మీద ట్యాలీ వీఎం బ్యాకప్‌ను ఎక్కించండి. రీస్టోర్ చేసేటప్పుడు 'యూనిక్' అనే గడి టిక్ చేస్తే కొత్త మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) వస్తుంది. అదొక్కటే చాలదు. విండోస్ లోపల ఐపీ అడ్రస్ చేత్తో పెట్టి ఉంటే అసలు సర్వర్, దాని నకలు ఒకే ఐపీతో కొట్టుకుంటాయి, ఆఫీసులో అందరికీ ట్యాలీ తెగిపోతుంది. వీఎం ఆన్ చేయకముందే దాని నెట్‌వర్క్ కార్డు సెట్టింగ్‌లో 'డిస్‌కనెక్ట్' టిక్ పెట్టండి. తర్వాత లోపలికి వెళ్లి ఐపీ మార్చి, అప్పుడు కలపండి.

ప్రశ్న: విశాఖలో కొన్న సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ ఉంది. ఐ3 మూడో తరం, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఇంత పాతదాంతో బీటా పరీక్ష చేస్తే ఎవరికైనా ఉపయోగమా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: ఉపయోగమే. మీలాంటి మెషీన్లే కావాలి కూడా. తయారుచేసేవాళ్ల దగ్గర కొత్త సర్వర్ హార్డ్‌వేర్ ఉంటుంది. రియల్‌టెక్ నెట్‌వర్క్ చిప్, పాత బయోస్, ఊరూపేరూ లేని ఎస్‌ఎస్‌డీ ఒకే పెట్టెలో ఉన్న మెషీన్లు మన దగ్గరే ఎక్కువ. కెర్నల్ మారినప్పుడు ముందుగా ఇబ్బంది పడేవీ అవే.

ముందు బయోస్‌లో వీటీ-ఎక్స్ (ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం) ఆన్ చేయండి. సేవ్ చేశాక రీస్టార్ట్‌తో సరిపెట్టకుండా పవర్ పూర్తిగా తీసి మళ్లీ ఇవ్వండి. కొన్ని పాత బోర్డులు అలా చేస్తే తప్ప మార్పును పట్టించుకోవు. వీటీ-ఎక్స్ ఆఫ్‌లో ఉంటే వీఎం స్టార్ట్ చేయగానే 'కేవీఎం వర్చువలైజేషన్ కాన్ఫిగర్డ్, బట్ నాట్ అవైలబుల్' అని వస్తుంది. అది బగ్ కాదు.

డిస్కుకు జడ్ఎఫ్ఎస్ కాకుండా ఇన్‌స్టాలర్ మామూలుగా ఇచ్చే ఈఎక్స్‌టీ4, ఎల్‌వీఎం-థిన్ పెట్టుకోండి. 8 జీబీలో హోస్ట్‌కు (అసలు మెషీన్‌కు) 2 జీబీ వదిలేస్తే ఒక విండోస్ వీఎంకు 4, ఒక డెబియన్ వీఎంకు 1 ఇవ్వొచ్చు. ఇంకో 1 జీబీ చేతిలో ఉంచుకోండి. ర్యామ్ మొత్తం పంచేస్తే లైనక్స్ కెర్నల్ ఏదో ఒక వీఎంను చంపేస్తుంది, మీరేమో బీటాలో లోపం ఉందనుకుంటారు.

మీ ప్రాసెసర్‌తో ఒక చిక్కు వచ్చే అవకాశం చాలా ఉంది. వెబ్ పేజీలో కొత్త వీఎం తయారుచేసినప్పుడు సీపీయూ రకం 'ఎక్స్86-64-వీ2-ఏఈఎస్' అని ముందే ఎంపికై ఉంటుంది. డెస్క్‌టాప్ ఐ3లలో మూడో తరం దాకా చాలావాటికి ఏఈఎస్ (ఎన్‌క్రిప్షన్) సూచనలు లేవు. స్టార్ట్ నొక్కగానే, హోస్ట్ ఆ ఫీచర్‌ను సపోర్ట్ చేయడం లేదని చెప్పి వీఎం ఆగిపోతుంది. వీఎం హార్డ్‌వేర్ ట్యాబ్‌లో ప్రాసెసర్ తెరిచి 'హోస్ట్' గానీ, చివర ఏఈఎస్ లేని 'ఎక్స్86-64-వీ2' గానీ ఎంచుకుంటే లేస్తుంది. ఇది కూడా బగ్ కాదు. అదే పాత వెర్షన్‌లో 'హోస్ట్'తో లేచిన వీఎం బీటాలో అదే సెట్టింగ్‌తో లేవకపోతే మాత్రం తప్పకుండా రిపోర్ట్ చేయాలి.

ప్రశ్న: ఐఎస్ఓ దించడానికే మాకు నెట్ చాలడం లేదు. ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది వాడితే బూట్ కావడం లేదు.
— జయపురం

జవాబు: ఫైలు సుమారు ఒకటిన్నర జీబీ ఉంటుంది. ఒకరు దించి అందరికీ పంచుకోవచ్చు, తప్పేమీ లేదు. అయితే డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యతో (ఫైలు చెడిపోలేదని తేల్చేది) ప్రతి ఒక్కరూ తమ కాపీని సరిచూసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లోకి ఫైలును మామూలుగా కాపీ చేస్తే బూట్ కాదు. విండోస్‌లో రూఫస్ ప్రోగ్రామ్‌తో రాసేటప్పుడు అది అడిగినప్పుడు 'డీడీ ఇమేజ్' పద్ధతే ఎంచుకోండి.

ప్రశ్న: బరంపురంలో కంప్యూటర్ సర్వీస్ పనిచేసేవాళ్లం ఐదుగురం ఉన్నాం. ఈసారి బీటా వస్తే కలిసి పరీక్షిద్దామనుకుంటున్నాం. ఇన్‌స్టాల్ చేసి, ఒక వీఎం పెట్టి, బాగుందని చెప్పడం తప్ప ఇంకేం చేయాలో తెలియడం లేదు.
— బరంపురం

జవాబు: ముందు తేదీల సంగతి చూడండి. ప్రాక్స్‌మాక్స్ 8.0 బీటా, తుది విడుదల రెండూ 2023 జూన్‌లోనే వచ్చేశాయి. 9.0 బీటా 2025 జులైలో వస్తే తుది విడుదల ఆగస్టు 5న వచ్చింది. అంటే మీ చేతిలో ఉండేది రెండు మూడు వారాలే. బీటా వచ్చాక మెషీన్ వెతుక్కుంటే కాలం అయిపోతుంది. ఎక్స్‌సీపీ-ఎన్‌జీ తీరు వేరు. 8.3 బీటా 2023లో మొదలైతే తుది విడుదల 2024 అక్టోబరులో గానీ రాలేదు. తీరిక తక్కువున్నవాళ్లకు అది అనువుగా ఉంటుంది.

ఐదుగురూ ఐదుచోట్ల కొత్తగా ఇన్‌స్టాల్ చేయకండి. ఖాళీ డిస్కు మీద ఇన్‌స్టాలేషన్ అందరూ పరీక్షించేదే. మీలో కనీసం ఇద్దరు పాత స్థిర వెర్షన్ వేసుకుని, అందులో నిజంగా వాడే తరహా వీఎంలు పెట్టి, దాని మీద అప్‌గ్రేడ్ చేయండి. తప్పులు బయటపడేది అక్కడే. 8 నుంచి 9కి అయితే ముందు 'పీవీఈ8టు9' అనే తనిఖీ స్క్రిప్ట్‌ను 'ఫుల్' ఆప్షన్‌తో నడపాలి. అది చూపిన హెచ్చరికలన్నీ కాపీ చేసి దాచుకోండి. తర్వాత డెబియన్, ప్రాక్స్‌మాక్స్ రిపాజిటరీ (ప్యాకేజీలు దించుకునే చోటు) ఫైళ్లలో 'బుక్‌వార్మ్' (డెబియన్ 12 పేరు) ఉన్న ప్రతిచోటా 'ట్రిక్సీ' (డెబియన్ 13 పేరు) అని మార్చి, 'ఏపీటీ అప్‌డేట్', ఆపైన 'ఏపీటీ డిస్ట్-అప్‌గ్రేడ్'. ఉత్త 'ఏపీటీ అప్‌గ్రేడ్' కొడితే కొన్ని ప్యాకేజీలు పాతవి, కొన్ని కొత్తవి అయి సిస్టమ్ సగంలో నిలిచిపోతుంది. వెబ్ పేజీలోని షెల్‌లో ఈ పని చేయొద్దు, మధ్యలో ఆ సర్వీసే రీస్టార్ట్ అవుతుంది. మెషీన్‌కు కీబోర్డు, మానిటర్ తగిలించి చేయండి. ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి) చేయక తప్పకపోతే టీమక్స్ (కనెక్షన్ తెగినా పని ఆగకుండా చూసే ప్రోగ్రామ్) తెరిచి అందులో నడపండి. కాన్ఫిగ్ ఫైలు పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడిగిన ప్రతిసారీ ఏ ఫైలుకు ఏం చెప్పారో రాసి పెట్టుకోవాలి.

ఒకరు విండోస్ గెస్ట్ (వీఎం లోపల నడిచే విండోస్) సంగతి చూడండి. డిస్కును విర్ట్‌ఐఓ (వీఎంల కోసమే చేసిన పరికర రకం)గా పెట్టినప్పుడు దాని డ్రైవర్ ఐఎస్ఓ రెండో సీడీగా తగిలించకపోతే విండోస్ ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించదు. అది తెలిసిన సంగతే. చూడాల్సింది అప్‌గ్రేడ్ తర్వాత. అప్పటిదాకా నడిచిన విండోస్ వీఎం నెట్‌వర్క్ కార్డును కొత్తదానిగా అనుకుని ఐపీ పోగొట్టుకుందా? ఆ వీఎంలో మెషీన్ వెర్షన్ (క్యూఈఎంయూ చూపే నకిలీ హార్డ్‌వేర్ వెర్షన్) ఏ సంఖ్యకు కట్టి ఉందో అప్‌గ్రేడ్‌కు ముందు, తర్వాత చూసి పోల్చండి.

మన జిల్లాల వాళ్లే చేయగల పరీక్ష ఒకటి ఉంది. వీఎం పేరులో ఇంగ్లిష్ అక్షరాలే పడతాయి, నోట్స్ గడిలో మాత్రం ఏ లిపైనా రాయొచ్చు. అక్కడ తెలుగులో ఒక వాక్యం, ఒడియాలో ఒక వాక్యం రాయండి. వీఎంను బ్యాకప్ తీసి, తొలగించి, రీస్టోర్ చేసి, అక్షరాలు చెదరకుండా తిరిగొచ్చాయో చూడండి. హోస్ట్‌లోని ఫోల్డర్‌ను విర్ట్‌ఐఓ-ఎఫ్ఎస్ ద్వారా గెస్ట్‌కు ఇచ్చి, అందులో ఒడియా పేర్లున్న ఫైళ్లు తెరవండి, పేరు మార్చండి, చెరపండి. రెవెన్యూ కాగితాలు, స్కూలు రికార్డులు స్కాన్ చేసే మన ఆఫీసుల్లో ఫైళ్లకు అలాంటి పేర్లే ఉంటాయి. వియన్నాలో కూర్చుని ప్రాక్స్‌మాక్స్ రాసేవాళ్లకు ఇది తట్టకపోవచ్చు.

చివరిది కరెంటు. యూపీఎస్ లేకుండా, వీఎంలో ఒక పెద్ద ఫైలు కాపీ అవుతుండగా ప్లగ్ పీకేయండి. మళ్లీ ఆన్ చేశాక హోస్ట్ తనంతట తాను లేచిందా, 'స్టార్ట్ ఎట్ బూట్' పెట్టిన వీఎంలు వరుసలో లేచాయా, గెస్ట్ ఫైల్ సిస్టమ్ శుభ్రంగా ఉందా చూడాలి. డిస్కు క్యాష్ 'నన్' పెట్టి ఒకసారి, 'రైట్‌బ్యాక్' పెట్టి ఒకసారి చేయండి. రైట్‌బ్యాక్‌లో చివరి క్షణాల డేటా కొంత పోవడం సహజం. 'అన్‌సేఫ్' రకం పెట్టి డేటా పోయిందని ఫిర్యాదు చేయకూడదు, పోతుందని దాని పేరే చెబుతోంది. పాత వెర్షన్‌లోనూ ఇదే పరీక్ష ముందు చేసి పెట్టుకోండి. పోల్చడానికి అది లేకపోతే మీ ఫలితానికి విలువ సగమే.

ప్రశ్న: రెండు మెషీన్లతో క్లస్టర్ పెట్టాను. ఒకటి ఆఫ్ చేస్తే రెండోదాంట్లో వీఎం స్టార్ట్ కావడం లేదు. బీటా బగ్గేనా?
— గునుపూర్

జవాబు: కాదు. క్లస్టర్‌లో మెషీన్‌కు ఒక ఓటు. రెండు ఓట్లలో ఒకటి మిగిలితే మెజారిటీ లేదు, కాబట్టి క్లస్టర్ కాన్ఫిగరేషన్ రీడ్-ఓన్లీ అయిపోతుంది. ఏ వెర్షన్‌లోనైనా ఇంతే. మూడో చిన్న మెషీన్ మీద క్యూడివైస్ (మూడో ఓటు వేసేది) పెట్టుకోండి. పరీక్ష కోసం తాత్కాలికంగా 'పీవీఈసీఎం ఎక్స్‌పెక్టెడ్ 1' చాలు.

ప్రశ్న: అప్‌గ్రేడ్ బాగానే పూర్తయింది. రీబూట్ చేశాక 8006 పోర్టులో పేజీ తెరుచుకోవడం లేదు, పింగ్ కూడా లేదు. మానిటర్ పెట్టి చూస్తే సిస్టమ్ మామూలుగానే లేచింది.
— రాయగడ

జవాబు: కొత్త కెర్నల్‌తో నెట్‌వర్క్ కార్డు పేరు మారి ఉంటుంది. మానిటర్ దగ్గరే రూట్‌గా లాగిన్ అయి 'ఐపీ లింక్' కొట్టి ఇప్పటి పేరు చూడండి. తర్వాత ఇంటర్‌ఫేసెస్ ఫైలు తెరిచి, వీఎంబీఆర్0 (వీఎంలను నెట్‌వర్క్‌కు కలిపే బ్రిడ్జ్) కింద 'బ్రిడ్జ్-పోర్ట్స్' వరుసలో ఉన్న పేరుతో పోల్చండి. తేడా ఉంటే కొత్త పేరు రాసి 'ఐఎఫ్‌రీలోడ్ -ఏ' కొట్టండి, పేజీ తెరుచుకుంటుంది. కొత్త పీసీఐ కార్డో, ఎన్‌వీఎంఈ డిస్కో తగిలించినా ఇలాగే పేరు మారవచ్చు. ప్రాక్స్‌మాక్స్ 9లో పేర్లను మ్యాక్ అడ్రస్‌కు కట్టేసే 'నెట్‌వర్క్-ఇంటర్‌ఫేస్-పిన్నింగ్' పరికరం ఇచ్చారు. రీబూట్‌కు ముందే దాన్ని నడిపితే ఈ అవస్థ ఉండదు.

పేరు మారకుండానే నెట్‌వర్క్ పోయిందా? అయితే బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో లేపి చూడండి. దాంట్లో పనిచేసి కొత్తదాంట్లో చేయకపోతే అది కెర్నల్ తిరోగతి. మీ చిప్ మోడల్‌తో సహా వెంటనే తెలియజేయాల్సిన విషయం.

ప్రశ్న: లోపం దొరికింది సార్, కానీ నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. రిపోర్ట్ ఎలా రాయాలి?
— డిగ్రీ కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్, గునుపూర్

జవాబు: అదే లోపం ఎవరైనా ముందే నమోదు చేశారేమో ప్రాక్స్‌మాక్స్ బగ్జిల్లా (లోపాలు నమోదు చేసే సైటు)లో వెతకండి. ఉంటే కొత్తది తెరవకుండా మీ వివరాలు దాని కిందే చేర్చండి. లేకపోతే చిన్న చిన్న వాక్యాలు చాలు. ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది. ఈ మూడూ వరుస అంకెలతో రాస్తే వ్యాకరణం ఎవరూ పట్టించుకోరు. దానికి 'పీవీఈవెర్షన్ -వీ' ఇచ్చే జాబితా, 'క్యూఎం కాన్ఫిగ్' తర్వాత వీఎం నంబరు కొడితే వచ్చే సెట్టింగులు, ఆ నిమిషానికి సంబంధించిన జర్నల్ (సిస్టమ్ లాగ్) వరుసలు జతచేయండి. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటోలో వెతకడానికి వీలుండదు, అక్షరాలుగానే పంపండి. కెర్నల్ పానిక్ అయి మెషీన్ బిగుసుకుపోతే మాత్రం ఫొటోయే గతి.

'పీవీఈరిపోర్ట్' ఇచ్చే పెద్ద ఫైలులో కాలేజీ ఐపీలు, డొమైన్, వీఎం పేర్లు, నోట్స్ అన్నీ ఉంటాయి. ఒకసారి మొత్తం చదివి, బయటపడకూడనివి తీసేశాకే పంపండి.

రిపోర్ట్ ఇచ్చాక ఆ మెషీన్‌ను వెంటనే తుడిచేయవద్దు. ఫలానా ప్యాకేజీ వేసి మళ్లీ చూడమని అడుగుతారు. అప్పుడు జవాబివ్వకపోతే ఆ బగ్ సరిపడా సమాచారం లేదని మూతపడుతుంది. సవరణ వచ్చి, తుది విడుదల కూడా అయ్యాక, మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. టెస్ట్ రిపాజిటరీ తీసేసి, నో-సబ్‌స్క్రిప్షన్ (చందా అక్కర్లేని) రిపాజిటరీ పెట్టి 'డిస్ట్-అప్‌గ్రేడ్' కొడితే అదే మెషీన్ స్థిర వెర్షన్‌లోకి వస్తుంది.